బిల్లు లేని తూటా

ఇవాళ్టి సంగతి కొంచెం పొడుగు. మధ్యాహ్నం అన్నం తిన్నాక తీరుబడిగా చదవండి.

ముందు ఒక మాట అడుగుతా. ఇంట్లో కట్టిన విత్తనం మంచిదా, షాపులో కొన్న ప్యాకెట్టా? ఇంటి విత్తనమే మేలని మీలో సగం మంది అంటారు. నేనూ అంటా. కానీ మొలక రాలేదనుకోండి, పరిహారం కోసం పోతే మొదట అడిగేది ఏంటి? బిల్లు. ప్యాకెట్టు మీద లాట్ నంబరు. ఇంటి విత్తనానికి ఆ రెండూ ఉండవు. విత్తనం ఎంత మంచిదైనా, అది మంచిదని చెప్పే కాగితం మన చేతిలో ఉండదు.

సరిగ్గా ఇదే తగువు అమెరికాలో తూటాల మీద ముప్పై ఏళ్లకు పైగా నడుస్తోంది. నాకెందుకు తెలిసిందంటే, టెక్సాస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఆ మధ్య ఒక చిన్న మిషను కొని, ఇంట్లోనే తూటాలు నింపుకుంటూ వీడియో పంపాడు. అది చూసిన మా ఊరి కుర్రాళ్లు ఇద్దరు నా దగ్గరకొచ్చి, "పెదనాన్నా, పందులకి మనమూ ఇట్లా చేసుకుంటే పోలా" అన్నారు. ఆ ప్రశ్నకే ఈ జవాబు.

తూటా అంటే నాలుగు వస్తువులు: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతి దగ్గర సీసం గుండు. కాల్చాక మిగిలేది గొట్టం ఒక్కటే, కానీ ఖరీదంతా దానిదే. 1870లలో అమెరికా పడమటి మైదానాల్లో అడవిదున్నల వేటగాళ్లు ఆ గొట్టాలు పారేయకుండా గుడారాల్లోనే మళ్లీ నింపుకునేవాళ్లు. పట్నం దూరం, చేతిలో డబ్బులు తక్కువ. 1884లో జాన్ బార్లో అనే ఆయన ఐడియల్ అనే కంపెనీ పెట్టి, కటింగ్ ప్లేయర్‌లా చేతిలో పట్టే సాధనాలు అమ్మాడు. 1943లో యుద్ధం వల్ల బజార్లో గుండ్లు దొరకనప్పుడు, కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన తండ్రి లాండ్రీ వెనక గదిలో గుండ్లు చేసే అచ్చు తయారుచేశాడు. ఎందుకో తెలుసా? రాక్‌చక్ అని ఉడతజాతి జంతువు ఒకటుంది, పైర్లు తినేస్తుంది, దాన్ని కొట్టడానికి. ఆ జంతువు పేరే ఆయన కంపెనీ పేరులో ఇప్పటికీ ఉంది. ఐడహోలో పశువులు పెంచుకునే ఎల్మర్ కీత్ అనే ఇంకో ఆయన ఏళ్ల తరబడి సొంతంగా నింపి చూసిన గట్టి తూటాల వల్లే 1950ల నడుమ .44 మాగ్నమ్ అనే రకం పుట్టింది. చూశారా, ఇదంతా ఎక్కువగా మనలాంటి వాళ్ల పనే. కంపెనీలు తర్వాత దాన్ని అందుకున్నాయి.

అక్కడి చట్టం కూడా దీన్ని పెద్దగా అడ్డుకోలేదు. 1968 నాటి తుపాకుల చట్టం ప్రకారం అమ్మకానికి తూటాలు చేసేవాడికి లైసెన్సు కావాలి, సొంతానికి నింపుకునేవాడికి అక్కర్లేదు. రాష్ట్రాన్ని బట్టి తేడాలున్నాయి. న్యూజెర్సీలో మొన దగ్గర బొక్క ఉండే తూటాలు ఇంటి బయటికి తీసుకుపోవడానికి ఆంక్షలున్నాయి. అంతేగానీ, నువ్వే నింపావు కాబట్టి నేరం అనే మాట లేదు.

మరి తగువు ఎక్కడొచ్చింది? గురిచూసి అట్టముక్కలు కొట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఆత్మరక్షణకని నడుముకు కట్టుకున్న తుపాకిలో ఆ తూటాలే పెట్టుకోవచ్చా అన్నదే ప్రశ్న. మాసాద్ అయూబ్ అనే రచయిత, తుపాకి శిక్షకుడు, వద్దని దశాబ్దాలుగా రాస్తున్నాడు. ఆయన చెప్పే కారణాలు రెండు.

మొదటిది నాకంతగా ఆనలేదు. "కంపెనీ తూటా చాల్లేదు, ఇంకా ఘోరంగా చంపాలని సొంతంగా చేసుకున్నాడు" అని ప్రభుత్వ లాయరు జ్యూరీకి చెబుతాడట. చెప్పొచ్చు. కానీ అలా చెప్పడానికి ఇంటి తూటాయే అక్కర్లేదు. 2004లో అరిజోనాలో అడవిదారిలో నడుస్తున్న ఒక రిటైర్డ్ టీచరు, తన మీదికొచ్చిన మనిషిని కాల్చి చంపాడు. తూటాలు షాపువే. అయినా అవి మరీ శక్తివంతమైనవని కోర్టులో గట్టిగా వాదించారు. 2006లో పదేళ్ల శిక్ష పడింది. 2009లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కాబట్టి ఆ వాదన దేనిమీదైనా వస్తుంది.

రెండో కారణమే అసలుది. 1989లో న్యూజెర్సీలో ఒకామె ఇంట్లో తలకు తూటా తగిలి చనిపోయింది. ఆమె తుపాకి తలకు పెట్టుకుందని, ఆపబోయి చెయ్యి చాపితే పేలిందని భర్త చెప్పాడు. తుపాకి దగ్గర నుంచి పేలితే గాయం చుట్టూ కాలని మందు రేణువులు, మసి అంటుకోవాలి. ఆమెకి అంటుకోలేదు. పోలీసు ల్యాబు వాళ్లు ఖాళీ గొట్టం మీద కంపెనీ ముద్ర చూసి, ఆ కంపెనీ తూటాలే తెచ్చి అట్టల మీద పేల్చి చూశారు. అంత దగ్గర నుంచి పేలితే మసి స్పష్టంగా కనబడింది. కాబట్టి తుపాకి ఆమె చేతికి అందనంత దూరంలో ఉందని, భర్తే కాల్చాడని తేల్చారు.

అసలు విషయమేంటంటే, ఆ గొట్టం కంపెనీదే గానీ లోపలి మందు అతను నింపింది. ఆమెకి దెబ్బ గట్టిగా తగలకూడదని తేలికగా 2.3 గ్రెయిన్లు మాత్రమే పోశానన్నాడు. మన లెక్కలో గ్రాములో ఏడో వంతు. అంత కొద్ది మందుకి మసి అంత దూరం పోదు. ఏయే తూటాలో ఎంత పోశాడో రాసుకున్న పుస్తకమూ ఉంది. కానీ అది ఎవరు రాసింది? నిందితుడే. రాసినంతే పోశాడని ఎవరు సాక్ష్యం? పేలిపోయిన తూటాని మళ్లీ విప్పి తూయలేం కదా. కేసు ఏళ్ల తరబడి, ఒకటికి మించి విచారణలతో నడిచింది. హత్యానేరం నిలవలేదు, కానీ చివరికి నిర్లక్ష్యంతో ప్రాణం తీశాడన్న నేరం కింద జైలుకు పోయాడు.

అతను నిజం చెప్పాడా లేదా నాకూ మీకూ తెలియదు. ఇది ఆత్మరక్షణ కేసు కూడా కాదు, అయూబ్‌ని విమర్శించేవాళ్లు ఆ మాటే ఎత్తిచూపుతారు. ఆత్మరక్షణలో కాల్చి, కేవలం ఇంటి తూటా వల్ల శిక్షపడ్డ కేసు ఒక్కటి చూపించమంటారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. కానీ దూరం ఎంత అన్న ప్రశ్న ఆత్మరక్షణ కేసులోనూ వస్తుంది. "మీదికి దూకాడు, మూరెడు దూరంలో ఉన్నాడు" అని మనమంటాం. "లేదు, పారిపోతుంటే దూరం నుంచి కాల్చావు" అని అవతలి లాయరు అంటాడు. షాపు తూటా అయితే అదే లాట్ నంబరువి తెచ్చి ఎవరైనా పేల్చి చూడొచ్చు. ఇంటి తూటాకి ఆ దారి మూసుకుపోతుంది. అందుకే విత్తనం బిల్లు ఎత్తాను.

చేతిపనిలోని ప్రమాదాలు వేరే ఉన్నాయి. మందు పోయడం మరిస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, వెనక ఇంకోటి పేలిస్తే తుపాకి పగులుతుంది. తేలిక మందు గొట్టంలో సగం కూడా నిండదు కాబట్టి పరాకున రెండుసార్లు పోసినా కంటికి ఆనదు. ఫోను మాట్లాడుతూ మందు డబ్బా ట్యాంకులో రెండుసార్లు వంచిన వాళ్లం మనలో లేమా?

ఇక మన సంగతి. 1857 తిరుగుబాటు భయం పోని దొరలు 1878లో లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం తెచ్చి, మనకి లైసెన్సు పెట్టి, తెల్లవాళ్లకి మినహాయింపు ఇచ్చుకున్నారు. స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశాం, లైసెన్సు మాత్రం అలాగే ఉంది. ఈ చట్టంలో తూటాలు తయారుచేయడం కూడా తుపాకి తయారీ లాంటిదే, లైసెన్సు లేకుండా చేస్తే నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 ఏళ్లు, పైకి యావజ్జీవం. కుర్రాళ్లూ, మీ ప్రశ్నకి సగం జవాబు ఇది. పందుల కోసమని పెట్టే నాటు బాంబులైతే పేలుడు పదార్థాల చట్టం కిందికొస్తాయి, వాటిని కొరికి దవడలు పోగొట్టుకునేది మన గేదెలే.

ఆత్మరక్షణ హక్కు మనకీ ఉంది. పాత ఐపీసీలో 96 నుంచి 106 సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితలో 34 నుంచి 44. అవసరానికి మించి హాని చేయకూడదన్నది అందులో గట్టి షరతు. ఊరికే నాలుగు మిరప బస్తాలు ఎత్తుకుపోయేవాణ్ణి చంపే హక్కు ఇందులో లేదు. జంతువు మీదికొస్తే ప్రాణరక్షణకి సద్బుద్ధితో చంపడం 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కాదు. పైరు తినే పందికి మాత్రం అదే సెక్షన్ కింద ముందుగా అధికారి రాతపూర్వక అనుమతి కావాలి.

మా తాతకి పంట కాపలాకని లైసెన్సు ఉన్న నాటు తుపాకి ఉండేది. మందు లైసెన్సు దుకాణంలో కొన్నదే, కానీ కొలత మాత్రం కొబ్బరి చిప్ప ముక్క. సీసం గుళ్లు గుప్పిట్లో అంచనాతో పోసేవాడు. ఒక రాత్రి వేరుశనగ చేలో పందని కాలిస్తే, ఒక గుల్ల పక్క చేలో కాపలా పడుకున్న మనిషి పిక్కలో దిగింది. తాత అరవై గజాలన్నాడు, ఆయన ఇరవై గజాలన్నాడు, కావాలనే కాల్చాడన్నాడు. గట్టు తగాదా అప్పటికే ఉంది మరి. పెద్దమనుషులు కూర్చుని ఆ తుపాకితో అరుగు మీద గడప తలుపుకి కాల్చి చూద్దామన్నారు. ఎంత మందు, ఎన్ని గుళ్లు అని అడిగితే తాత చిప్ప ముక్క చూపించాడు. రెండుసార్లు కాలిస్తే రెండు రకాలుగా చెదిరింది. ఆస్పత్రి ఖర్చు, ఒక దూడ ఇచ్చి సర్దుకున్నారు. కోర్టుకు పోయుంటే ఏమయ్యేదో తాత చచ్చేదాకా తలుచుకునేవాడు. తర్వాత ఒక ఎన్నికలప్పుడు అందరిలాగే స్టేషన్లో అప్పజెప్పి, మళ్లీ తెచ్చుకోలేదు.

మొన్న మా తమ్ముడికి ఫోన్లో ఇదంతా చెప్పి, నువ్వు నింపినవి ఎక్కడ పెడతావురా అని అడిగా. అవి ఆదివారం అట్టలు కొట్టుకోవడానికే అన్నాడు. మంచం పక్క సొరుగులో ఉండేవి షాపులో కొన్న పెట్టె అట, బిల్లు కూడా అందులోనే మడిచి పెట్టాడట.