తెప్ప నుంచి కాటమరాన్ దాకా: కళింగపట్నం తీరం నేపథ్యంలో పేరు, నిర్మాణం, సామర్థ్యం

సారాంశం:
నేటి యంత్రచోదిత కాటమరాన్‌కు పేరునిచ్చింది కోరమాండల్ తీరపు కట్టుమరం. అయితే పేరు నడిచిన దారి, నిర్మాణం నడిచిన దారి ఒకటి కావు. ఈ భేదాన్ని ఉత్తర కోస్తా తెప్ప ఆధారంగా వివరించి, తెప్ప సామర్థ్యానికి తగిన కొలమానాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తెప్ప, కట్టుమరం, కాటమరాన్, హల్, అలల నిరోధం, కళింగపట్నం.

1. ప్రవేశిక
శ్రీకాకుళం జిల్లా గార మండలంలో వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నం ప్రాచీనమైన రేవు. దానికి ఎగువన నది ఒడ్డునున్న శాలిహుండం బౌద్ధక్షేత్రాన్ని 1919లో గిడుగు వేంకట రామమూర్తి వెలుగులోకి తెచ్చారు. రేవుల చరిత్రలో ఓడలకు, సరుకులకు, స్తూపాలకు దక్కిన స్థానం, ఒడ్డుకూ ఓడకూ నడుమ విరిగే కెరటాలను దాటించిన సాధనాలకు దక్కలేదు. ఈ తీరంలో అటువంటి సాధనాలు ప్రధానంగా రెండు: కొబ్బరిపీచు తాడుతో పలకలను కుట్టిన మసూలా పడవ, మానులను జతచేసిన తెప్ప.

2. పేరు ప్రయాణం
‘కట్టుమరం’ తమిళపదం. తెలుగులోనూ ‘కట్టు’ ఉంది. ‘మరం’కు సోదరపదమైన ‘మ్రాను’ ఉంది. అయినా తెలుగు మత్స్యకారుల వాడుకలో స్థిరపడిన పదం ‘తెప్ప’. ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ 1697లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో ‘కాటమరాన్’ అన్న మాటను ఈ తీరపు దుంగల తెప్పలకే వాడాడు.

రెండు హల్‌ల ఓడ చరిత్ర వేరు. పసిఫిక్ దీవుల ప్రజలు జంట దోనెలపై సుదూర సముద్రయానాలు చేశారు. విలియం పెట్టీ 1662లో డబ్లిన్‌లో జంట హల్‌ల నౌకను నిర్మించాడు. అమెరికాలో నథానియల్ హెరెషాఫ్ 1876లో ‘అమరిల్లిస్’ అనే జంట హల్‌ల తెరచాప పడవతో పందెంలో నెగ్గాడు. ఆ తరహా పడవలకు కాటమరాన్ అన్న పేరు స్థిరపడింది. కనుక కోరమాండల్ తీరం ఆధునిక కాటమరాన్‌కు ఇచ్చింది పేరును మాత్రమే. ‘కాటమరాన్ మన పూర్వుల ఆవిష్కరణ’ అనే ప్రచారం పదచరిత్రను నిర్మాణచరిత్రగా పొరబడడం వల్ల పుట్టింది.

3. తెప్ప: హల్ లేని నిర్మాణం
హల్ అంటే లోపల గాలిని నిలుపుకొని నీటిని పక్కకు నెట్టే బోలు దేహం. తెప్పకు అది లేదు. దాన్ని తేల్చేది కలప తేలికదనమే. ఘనమీటరుకు 500 కిలోలు తూగే కలప సుమారు 500 కిలోల భారాన్ని మోయగలదు. అదే కలప నీరు పీల్చి 700 కిలోలైతే మోయగల భారం సుమారు 300 కిలోలకు పడిపోతుంది. వేటనుంచి వచ్చాక కట్లు విప్పి మానులను ఇసుకపై ఆరబెట్టే అలవాటుకు కారణం ఇదే.

బోలు లేనందున తెప్పలో నీరు నిలవదు. మీదపడిన కెరటం మానుల సందుల్లోంచి జారిపోతుంది. బోల్తాపడినా మునగదు, తిరగేసి మళ్లీ ఎక్కవచ్చు. అడుగు లోతు తక్కువ కాబట్టి నేరుగా ఇసుక మీదికి వస్తుంది. మద్రాసు తీరంలో మసూలా పడవల వెంట తెప్పలను రక్షణ కోసం పంపడానికి ఈ గుణాలే కారణం.

4. జంట హల్‌ల సామర్థ్యం
నీటిలో కదిలే నౌకను ప్రధానంగా రెండు శక్తులు అడ్డుకుంటాయి: నీటి రాపిడి, నౌక తానే పుట్టించే అలల నిరోధం. వీటిని వేరుచేసి లెక్కించే పద్ధతిని 19వ శతాబ్దంలో విలియం ఫ్రౌడ్ రూపొందించాడు. 7 మీటర్ల పొడవున్న సాధారణ పడవకు సుమారు 6 నాట్ల వేగం దాటగానే అలల నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. హల్‌ను వెడల్పు తగ్గించి పొడవుగా మలిస్తే ఈ పెరుగుదల తగ్గుతుంది. అయితే అంత సన్నని హల్ ఒంటరిగా నిలకడగా ఉండదు. రెండింటిని దూరంగా నిలిపి కలపడమే కాటమరాన్ సూత్రం.

దీనికీ మూల్యముంది. రెండు హల్‌ల వల్ల తడిసే వైశాల్యం పెరిగి, తక్కువ వేగంలో రాపిడి ఎక్కువవుతుంది. హల్‌ల మధ్య ఎడం సరిగా లేకపోతే ఒకదాని అలలు మరొకదాని అలలతో కలిసి నిరోధాన్ని పెంచుతాయి. బరువు పెరిగి హల్‌లు లోతుగా మునిగినా లాభం తరుగుతుంది.

5. యంత్రం వచ్చాక
తెడ్డు, తెరచాపల కాలంలో తెప్పకు వేగం ప్రధానం కాదు. యంత్రం రాకతో ఇంధన వ్యయం కొత్త కొలమానమైంది. దుంగల మధ్య గాళ్లు, గరుకు అడుగుభాగం, నీరు పీల్చిన బరువు అప్పుడు లోపాలుగా తేలాయి. ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం, ఒడ్డుకు నేరుగా చేరగల యంత్రపు పడవల రూపకల్పనకు పూనుకుంది. కెరటాన్ని దాటడం, ఇంధనం పొదుపు చేయడం అనే రెండు అవసరాలను ఒకే పడవలో ఇమడ్చడం ఆ ప్రయత్నంలోని చిక్కు. తరువాత ఈ తీరంలో వ్యాపించిన ఫైబర్ పడవలను మత్స్యకారులు ‘ఫైబర్ తెప్ప’ అనే పిలుస్తున్నారు. నిజానికి వాటిది హల్ ఉన్న దేహం. ఇక్కడ కూడా పేరు నిలిచింది, నిర్మాణం మారింది.

6. ముగింపు
తెప్పను కాటమరాన్‌కు మూలరూపమనడం చరిత్రకు నిలవదు. దాన్ని వెనుకబడిన పడవగా కొట్టివేయడమూ న్యాయం కాదు. ఓడలను ఆపుకొనే కట్టడాలు లేని తీరంలో, మునగకుండా కెరటాన్ని దాటి ఇసుకకు చేరడమే దాని సామర్థ్యం. ఏ కలపను ఎన్నుకోవాలి, ఎంతకాలం ఆరబెట్టాలి, ఏ మానును ఎక్కడ అమర్చాలి అన్న జ్ఞానం వాడబలిజ, జాలారి వృత్తికారుల చేతుల్లో, మాటల్లో ఉంది. కర్ర తెప్ప కనుమరుగవుతున్న కొద్దీ ఆ పదజాలమూ అంతరిస్తుంది. దాన్ని తీరంలో సేకరించి నమోదు చేయడం భాషాశాస్త్ర, చరిత్ర పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.