నయాపైసాకి నంబరెంత?

"నా దగ్గిర నయాపైసా నేదురా" అనే మాట మా ఉద్దానం వైపు ఇప్పటికీ రోజూ వినబడుతుంది. అనేవాళ్ళలో చాలామంది ఆ నాణాన్ని చేత్తో పట్టుకున్నవాళ్ళు కాదు. ప్రభుత్వం 1964 జూన్ 1న 'నయా' అన్న ముక్కని తీసేసింది. అంటే అధికారికంగా ఆ పేరు బతికింది ఏడేళ్ళ పైచిలుకు. మన నోట్లో మాత్రం అరవై ఏళ్ళు దాటినా చావలేదు.

నాణాలు పోగుచేసేవాళ్ళకి ఈ పేరు ఒక చిన్న చిక్కు తెచ్చిపెట్టింది. పేరు మారితే డబ్బు మారినట్టా, కాదా? నయాపైసానీ పైసానీ ఒకే పద్దు కింద రాయాలా, వేరువేరుగా రాయాలా? రోజూ డేటాబేసులతో కుస్తీ పట్టేవాణ్ణి కనక నాకిది బాగా తెలిసిన తలనొప్పే. పేరునే గుర్తింపుగా పెట్టుకున్న పట్టిక, పేరు మారిన రోజున కూలిపోతుంది.

ముందు కొంచెం చరిత్ర. పాత లెక్కలో రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు పైసలు (మనవాళ్ళ 'కానీ' ఇదే), మొత్తం రూపాయికి 64. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి రూపాయికి వంద పైసలయ్యాయి. కొన్నాళ్ళు రెండు రకాల నాణాలూ బజార్లో తిరగాలి కదా, తేడా తెలియడానికి కొత్తదాన్ని 'నయా పైసా' అన్నారు. అది చాలదన్నట్టు రూపాయిలో నూరో భాగం అని హిందీలో నాణెం మీదే చెక్కించారు. హిందీ రానివాళ్ళకి ఆకారమే దిక్కు: ఒకటి గుండ్రం, రెండు అంచులు వంపులు తిరిగినది, అయిదు నలుపలకలది. పాతవి సర్దుకున్నాక ఇక 'కొత్త' అనాల్సిన పని లేకపోయింది. అందుకే 1964లో తీసేశారు.

ఈ కథ మనది ఒక్కళ్ళదే కాదు. ఫ్రాన్సులో 1960లో వచ్చిన 'కొత్త ఫ్రాంకు' మూడేళ్ళకి మళ్ళీ ఉత్త ఫ్రాంకు అయింది. ఇంగ్లండులో 1971లో పెన్నీని దశాంశంలోకి మార్చి నాణాల మీద 'న్యూ పెన్స్' అని వేశారు, 1982 నుంచి 'న్యూ' మానేశారు. అయితే 1983లో కొన్ని రెండు పెన్నీల నాణాలు పొరపాటున పాత అచ్చుతోనే బయటికొచ్చాయి. ఆ ఒక్క మాట వల్ల ఇప్పుడు వాటికి మంచి ధర.

మరి కేటలాగులు ఏం చేస్తాయి? ప్రపంచమంతా వాడే క్రౌజ్-మిష్లర్ కేటలాగు పద్ధతి సులువుగానే ఉంటుంది. దేశం పేరు కింద, ఏ కాలంలో ఏ లెక్క నడిచిందో ఒక శీర్షిక: 1957-63 మధ్య రూపాయికి వంద నయే పైసే, 1964 నుంచి రూపాయికి వంద పైసే. దాని కింద ఒక్కో రకం నాణానికి ఒక్కో నంబరు. నాణెం మీది అక్షరాలు మారాయా, కొత్త నంబరు. బొమ్మా అక్షరాలూ అలాగే ఉండి లోహం మాత్రం మారిందా, అదే నంబరుకి ఒక అక్షరం తోక. 1957లో కంచుతో మొదలైన ఒక నయాపైసా 1962లో ఇత్తడి రంగుకి మారినప్పుడు ఇలాగే జరిగింది. ఏడాది, టంకశాల గుర్తు ఆ నంబరు కింద వరసలు. గుర్తు లేకపోతే కలకత్తా, చిన్న వజ్రం ఉంటే బొంబాయి. హైదరాబాదుకి ఇప్పుడు నక్షత్రం, మొదట్లో వేరే గుర్తులుండేవి.

అంటే వాళ్ళు రెండు ప్రశ్నల్ని విడదీశారు. విలువ ఎంత అన్నది ఒకటి, నాణెం మీద ఏం రాసుంది అన్నది ఇంకొకటి. నయాపైసా, పైసా విలువలో ఒకటే, నాణాలుగా రెండు. పాత పైసా, కొత్త పైసా పేరులో ఒకటే, విలువలో రెండు. ఇంగ్లీషు కేటలాగులు పాతదాన్ని 'పైస్' అనీ కొత్తదాన్ని 'పైసా' అనీ రాసి తప్పించుకున్నాయి. మనకి తెలుగులో ఆ వెసులుబాటు లేదు. ఎవరైనా తెలుగులో కేటలాగు రాస్తే పాతదాన్ని 'కానీ' అనే రాయాలని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. జనం వాడే పేర్లలో ఏది బతికింది, ఏది పోయింది అన్నది కూడా లెక్కే తేల్చింది. పావలా అంటే నాలుగణాలు, సరిగ్గా 25 పైసలు. పేరు నిలబడింది. అర్ధరూపాయి 50, అదీ నిలబడింది. అణా అంటే ఆరుంబావు పైసలు, బేడ అంటే పన్నెండున్నర. అలాంటి నాణాలు ఎలా కొడతారు? మార్పిడి పట్టికలో అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25 అని సర్దారు. అణా సరుకుని నాలుగుసార్లు ఆరేసి పైసలకి అమ్మితే కొట్టువాడికి ఒక పైసా నష్టం, ఏడేసి తీసుకుంటే కొన్నవాడికి మూడు పైసల నష్టం. బేడ మెల్లగా బజారు లోంచి పోయింది. అణా 'పదహారణాల తెలుగు'లో దాక్కుంది. 2011 జూన్ 30 నుంచి 25 పైసలూ, అంతకంటే చిన్నవీ చెల్లడం మానేశాక పావలా కూడా ఉత్త మాటగానే మిగిలింది. ఏ కేటలాగులోనూ ఈ పేర్లకి ఒక గడి లేదు. ఉండాలి.

ఊళ్ళకీ ఇదే సూత్రం వర్తిస్తుంది. టెక్కలి 1936 దాకా గంజాం జిల్లా, తరవాత విశాఖపట్నం జిల్లా, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లా. పాత దస్తావేజు చదివేవాడు కాగితం మీదున్న పేరునీ వదలకూడదు, ఊరు ఒకటేనన్న సంగతీ మరవకూడదు.

ఇదంతా ఎందుకంటే, పాత నాణానికి లక్షలిస్తామని ఫోన్లలో ప్రకటనలు వస్తుంటాయి. ముందు 'రుసుము' కట్టమంటారు. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటుంటే, ఆ బ్యాంకే 2021 ఆగస్టులో నమ్మొద్దని హెచ్చరించింది. పలాసలో జీడిపిక్కలు ఒలిచి రోజు గడుపుకునే మనిషికి ఆ రుసుము చిన్న మొత్తం కాదు. నయాపైసాలు కోట్లలో కొట్టారు. మీద 'నయా' అని ఉన్నంత మాత్రాన అది అరుదైనదైపోదు. ఏ ఏడాది, ఏ టంకశాల, ఏ లోహం, ఎంత అరిగింది అన్నవే ధర చెబుతాయి. ఇంట్లో పెద్దవాళ్ళ డబ్బాలో నాణాలుంటే ముందు ఆ నాలుగూ చూసి రాసిపెట్టండి. ఐదో గడిలో, వాళ్ళు ఆ నాణాన్ని ఏమని పిలిచేవారో అడిగి అదీ రాయండి. మొదటి నాలుగూ ఎప్పుడైనా దొరుకుతాయి, అయిదోది వాళ్ళతోనే పోతుంది.