త్రాగుడు విడుచువారి కూటములు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవనెత్తిన సారా వ్యతిరేకోద్యమమును సంఘస్థులు ఎరుగుదురు. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలింపబడినది. ఆ స్త్రీల ధైర్యము గొప్పది. అయితే చట్టము దుకాణమును మూసినది గాని, ప్రొద్దుటే చేతులు వణకు మనిషిని ముట్టలేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ఇండ్లలో ఈ బాధను కాపరిగా చూచుచున్నాను గనుక ఇంకొక చరిత్ర చెప్పుచున్నాను.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణములో బిల్ అను వ్యాపారియు బాబ్ అను వైద్యుడును, ఇద్దరును త్రాగుడుకు బానిసలే, కూర్చుండి మాటలాడుకొనిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆలాగు పుట్టినది. తొలి సభ్యులకు యాకోబు పత్రిక మిక్కిలి ప్రియము. తప్పిదములను ఒకరితో ఒకరు ఒప్పుకొనుట అందులోనిదే గదా! అయినను ఏ మతస్థునికైనను వారు తలుపు తెరచిరి. మన దేశములో ఈ కూటములు 1957లో మొదలైనవి. భార్యలకు, బంధువులకు అల్-అనాన్ అను వేరు కూటములు 1951 నుండి ఉన్నవి.

చేరుటకు రుసుము లేదు. త్రాగుడు మానవలెనను కోరిక చాలును. ఇంటిపేరు అడుగరు. స్థలము, వేళ మారుచుండును గనుక ముందుగా వారి ఫోనుకు అడిగి వెళ్లవలెను. ఇరుగుపొరుగు చూచెదరని సిగ్గుపడువారు, 2018లో వచ్చిన మెట్రో ఎక్కి దూరపు కూటమునకు పోవచ్చును. ఏండ్ల తరబడి విపరీతముగా త్రాగినవారు ఒక్కసారి మానినయెడల మూర్ఛలు రావచ్చును, ప్రాణాపాయము కూడ. వారు మొదట వైద్యుని చూడవలెను.

బయటి విరాళము పుచ్చుకొనరాదని వారి నియమము. సంఘపు గది అడిగినయెడల కొద్దిపాటి అద్దె తీసికొని ఇయ్యవలెను. లోపల ఎవరున్నారో చూచుటకు కాపరియైనను, పెద్దలైనను పోకూడదు.