సిగ్నల్ టైముల ముసలోళ్ల నడక లెక్క ఉండాలె

హైదరాబాద్ వచ్చిన కొత్తల ఎర్రలైటు కాడ ఆగినప్పుడల్లా తిట్టుకునేటోన్ని. లెక్క తెలిసినంక సమజైంది. నాలుగు దిక్కుల చౌరస్తాల ఒక్కో దిక్కుకు 30 సెకండ్లు పచ్చలైటు, 3 సెకండ్లు పసుపు లైటు ఇస్తే ఒక సుట్టు 132 సెకండ్లు. మన వంతు అయినంక 99 సెకండ్లు ఆగాల్సిందే. ఒక దిక్కుకు 10 సెకండ్లు పెంచితే మిగిలిన మూడు దిక్కులోళ్లు ఇంకో 10 సెకండ్లు ఆగాలె. టైము ముందే ఫిక్స్ చేసిన సిగ్నల్ అయితే రోడ్డు ఖాళీగున్నా ఎర్రలైటు పోదు. బండ్లను గుర్తువట్టే సెన్సార్లుంటే టైము తగ్గుతది, పెరుగుతది.

మరి నడిచేటోళ్ల సంగతేంది? మనిషి సెకండుకు 1.2 మీటర్లు నడుస్తడని ఇంజనీర్లు మామూలుగ లెక్కేస్తరు. అట్లయితే 24 మీటర్ల రోడ్డు దాటనీకి 20 సెకండ్లు సాలు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. సెకండుకు 0.8 మీటర్లు నడిచినా 30 సెకండ్లు కావాలె. మొన్న దవాఖానకు తీస్కపోతుంటే మేం నడి రోడ్డు మీద ఉండంగనే బండ్లు ఉరికినయి. అమ్మ నా చెయ్యి గట్టిగ వట్టుకుంది.

బండి మీద ఆగేటోనికి 10 సెకండ్లు ఎక్కువైతే చిరాకు. నడిచేటోళ్లకు 10 సెకండ్లు తక్కువైతే పాణం మీదికొస్తది. టైము వెట్టేటోళ్లు ముందుగాల ఈ లెక్క జూడాలె.