రోమా శిథిలములు: నిలిచినవి, కూలినవి

రోము నగరమునకు పోవు మనవారిలో ఎక్కువమంది పరిశుద్ధ పేతురు దేవాలయమును చూచి, ఫోటోలు తీయించుకొని తిరిగి వచ్చుచుందురు. పాత పట్టణపు శిథిలములను ఒక పూటయైనను తిరిగి చూచుటకు వారికి తీరిక చిక్కదు. మేము కొందరము కలిసి ఆ శిథిలముల నడుమ నడచినప్పుడు ఒక ప్రశ్న మమ్ములను విడువకుండెను. ఒకే ఊరిలో ఒకే విధమైన రాతితో కట్టిన భవనములలో కొన్ని పైకప్పుతో సహా నిలిచియుండగా, తక్కినవి పునాదుల వరకు ఏల నశించినవి? శతాబ్ది పండుగ జరుపుకొనుచున్న మన డయోసీసునకు ఈ ప్రశ్న పరాయిది కాదని తలచి, చూచినదానిని ఇందు వ్రాయుచున్నాము.

కొలోసియమునకు, ఫోరమునకు, పాలటైను కొండకు కలిపి టిక్కెట్టు దొరకును. ఉదయముననే వెళ్ళుట మేలు. ఫోరములో నీడ తక్కువ. దారిలో పరచిన నల్లరాళ్ళు ఎగుడుదిగుడుగా నుండుటచే పెద్దవయస్సు వారు గట్టి చెప్పులు తొడుగుకొనవలెను.

ఫోరము అనగా సంతబయలు. కొండల నడుమనున్న ఈ పల్లము మొదట బురదనేల. పెద్ద కాలువ త్రవ్వి నీటిని టైబరు నదిలోనికి మళ్ళించిన తరువాతనే అది సామ్రాజ్యమునకు నడిబొడ్డయ్యెను. న్యాయస్థానములు, గుళ్ళు, సభామందిరము అన్నియు ఇచ్చటనే వెలసెను. సామ్రాజ్యము పోయిన పిమ్మట మన్ను మేటవేసి స్తంభములు సగమువరకు కప్పబడెను. ఆ మీదట అక్కడ పశువులు మేసెను. ప్రజలు దానిని "ఆవుల బయలు" అని పిలిచిరి.

అంత పాడుపడిన చోట సెనేటు సభామందిరము మాత్రము నాలుగు గోడలతో నిలిచియున్నది. జూలియస్ కైసరు ప్రారంభించిన ఈ మందిరమును ఔగుస్తు క్రీ.పూ. 29లో ముగించెను. క్రీ.శ. 283లో అగ్నిప్రమాదము జరుగగా డయోక్లీషియను తిరిగి కట్టించెను. నేడు మనము చూచునది అదియే. సుమారు 630లో మొదటి హొనోరియసు పోపు దీనిని దేవాలయముగా మార్చెను. ఆరాధన జరుగుచోటికి మరమ్మతు తప్పదు గదా! గోడలు నిలిచెను.

దాపుననే అంతోనీనసు చక్రవర్తి తన భార్య ఫౌస్తీనా పేర 141లో కట్టించిన గుడి యున్నది. దాని స్తంభముల వెనుక పిమ్మటి కాలపు క్రైస్తవ దేవాలయము కనబడును. ఆ దేవాలయపు తలుపు పాత మెట్లకు చాల ఎత్తున గాలిలో వ్రేలాడుచున్నట్లుండును. తలుపు పెట్టిననాడు నేలమట్టము అంత ఎత్తున నుండెను. త్రవ్వకములలో మన్ను తీసివేయగా గడప పైన మిగిలిపోయెను. ఎంత మన్ను పేరుకొన్నదో చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యము అక్కరలేదు.

తక్కిన భవనములు ఏమైనవి? అనాగరిక జాతులు వచ్చి పడగొట్టిరని బడిలో చదువుకొంటిమి. వారు దోచుకొన్నమాట నిజమే గాని, ఎక్కువ నాశనము చేసినవారు ఊరివారే. ఫోరములోనే సున్నపు బట్టీలు పెట్టి చలువరాతి విగ్రహములను, దూలములను కాల్చి సున్నము చేసిరి. ఆ సున్నముతో మేడలును, దేవాలయములును లేచెను. చిత్రకారుడైన రాఫయేలు సుమారు 1519లో పదియవ లియో పోపునకు వ్రాసిన లేఖలో, కొత్త రోము పాత చలువరాతిని కాల్చిన సున్నముతో కట్టబడుచున్నదని వాపోయెను. ఈ పనిలో క్రైస్తవ అధికారులకును భాగము కలదని దాచకుండ చెప్పుకొనవలెను.

కొలోసియము కథయు అట్టిదే. వెస్పాసియను ప్రారంభించగా అతని కుమారుడైన తీతు చక్రవర్తి 80లో తెరచెను. (పౌలు పత్రిక వ్రాసిన తీతు వేరు.) యెరూషలేము కొల్లసొమ్ము దీని కట్టడమునకు చేరెనని, అక్కడ దొరికిన శాసనమును పరిశీలించిన పండితులు చెప్పుచున్నారు. పొడవు సుమారు 188 మీటర్లు, వెడల్పు 156 మీటర్లు. 1349 నాటి భూకంపములో దక్షిణపు వెలిగోడ కూలెను. కూలిన రాయి బండ్లమీద కొత్త భవనములకు తరలిపోయెను. గోడలనిండ కనబడు గుంటలు రాళ్ళను బిగించిన ఇనుప బందులను పెరికినవారి పని.

ఇచ్చట ఒక మాట. నీరో కాలమున, 64లో, హతసాక్షులైన విశ్వాసులు కొలోసియములో చనిపోయిరని మన ప్రసంగములలో తరచు వినుచుందుము. ఆనాటికి కొలోసియము కట్టనేలేదు. ఆ హింసలు ప్రధానముగా వాతికాను ప్రక్కన జరిగినవి. తరువాతి కాలమునందైనను ఈ భవనములోనే విశ్వాసులు చంపబడిరనుటకు గట్టి ప్రాచీనాధారము లేదు. అయినను 18వ శతాబ్ది నడుమ పదునాలుగవ బెనెడిక్టు పోపు దీనిని క్రీస్తు శ్రమల జ్ఞాపకార్థము ప్రతిష్ఠించుటచే రాళ్ళ దోపిడి ఆగెను. హతసాక్షుల మహిమ ఒక గోడమీద ఆధారపడి లేదు గనుక, ఉన్నమాట చెప్పుటకు మనము జంకనక్కరలేదు.

సమీపముననున్న తీతు కమాను మనవారు తప్పక చూడవలసినది. 70లో పడిపోయిన యెరూషలేము దేవాలయపు ఏడు కొమ్మల దీపవృక్షమును, బల్లను, బూరలను సైనికులు మోసికొనిపోవు దృశ్యము లోపలిప్రక్క చెక్కబడియున్నది. బైబిలు చదువరికి అది మనస్సు బరువెక్కించు దృశ్యము. మధ్యయుగములో ఒక ప్రభుకుటుంబము ఈ కమానును తమ కోటగోడలో కలుపుకొనుటచే అది మిగిలెను. 1820 ప్రాంతమున వలాదియే అను శిల్పి దీనిని బాగుచేయుచు, పోయిన భాగములను చలువరాతితో గాక వేరొక రాతితో పూరించెను. ఏది పాతదో, ఏది కొత్తదో చూచువారికి తెలియవలెనని అతని ఉద్దేశము.

చివరకు పాంథియాను. హద్రియను కాలపు ఈ గుమ్మటము అడ్డుకొలత సుమారు 43 మీటర్లు. ఇనుప చువ్వలు లేని కాంక్రీటు గుమ్మటములలో దీనిని మించినది నేటికిని లేదు. 609లో ఇది క్రైస్తవ దేవాలయమయ్యెను. నాటినుండి నేటివరకు ఆరాధనస్థలముగా నున్నది. పర్యాటకులకు 2023 నుండి ప్రవేశ రుసుము పెట్టిరి. రాఫయేలు సమాధియు ఇచ్చటనే యున్నది.

ఇవన్నియు పరదేశపు సంగతులని త్రోసివేయరాదు. 18వ శతాబ్ది చివర మన అమరావతిలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు కొత్త పట్టణము నిర్మింపగా, పాత స్తూపపు ఇటుకలును, చెక్కడపు రాళ్ళును కట్టడములకు పోయెను. కొన్నిటిని సున్నముగా కాల్చిరి. మిగిలినవానిలో చాలభాగము నేడు చెన్నై, లండను మ్యూజియములలో నున్నవి. రోములోనైనను, కృష్ణా తీరముననైనను, పాత రాతిని చూచి వెల లేని సామాగ్రి దొరికినదని సంతోషించినవారే ఎక్కువ.

మన సంఘములలోను అదే జరుగుచున్నది. జనము పెరిగినందున పెద్ద దేవాలయము కావలసివచ్చుట న్యాయమే. అయితే మన తాతలు గానుగసున్నముతో, టేకు దూలములతో కట్టిన చిన్న గుడిని పడగొట్టుటయే మార్గమా? దానిని ఆదివారపు బడికో, గ్రంథాలయమునకో వాడుకొన్నను అది బ్రదుకును. తప్పనిసరిగా తీయవలసివచ్చినచో ముందుగా కొలతలు, ఫోటోలు తీసి, శంకుస్థాపన శిలను కొత్త గోడలో కనబడునట్లు అమర్చవలెను. చెదలు పట్టుచున్న బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను వెంటనే నకలు తీయించవలెను. సమాధుల తోటలోని పలకలపై పేర్లు చెరిగిపోకముందే వ్రాసికొనవలెను. ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. ప్రతి సంఘమునుండి ఇద్దరు యౌవనస్థులును, ఒక నోటుపుస్తకమును చాలును. ఈ సంవత్సరమే మొదలుపెట్టవలెనని సంఘ పెద్దలను వేడుకొనుచున్నాము.