బూట్ అయ్యే టేపు

హైదరాబాద్‌లో ఒక బ్యాంకు సర్వర్ రూములో చాలాకాలం ఎఐఎక్స్ అనే యూనిక్స్‌కు అడ్మిన్‌గా పనిచేశాను. అక్కడ డేటాబేస్ టేపులకు దక్కే మర్యాద అంతా ఇంతా కాదు: రిజిస్టరు, సంతకాలు, మంటలకు తట్టుకునే బీరువా. ఆ డేటాబేస్‌ను మోసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కాపాడిన టేపు గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా దృష్టిలో ముందు చెప్పుకోవలసింది దాని చరిత్రే.

యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో 1979లో టార్ వచ్చింది. డంప్ అంతకు ముందే ఉంది. రెండూ ఫైళ్లను భద్రంగా దాస్తాయి. అయితే వాటిని వెనక్కి తీయాలంటే మెషిన్‌లో అప్పటికే ఒక యూనిక్స్ నడుస్తూ ఉండాలి. డిస్కు పోయిన రోజున లేనిది అదే! కాబట్టి ఓఎస్‌ను మొదటి నుంచి ఎక్కించి, ప్యాచ్‌లు వేసి, ఫైల్ సిస్టమ్‌లు కట్టి, యూజర్లనూ ప్రింటర్ క్యూలనూ మళ్లీ సృష్టించాకే డేటా టేపు ముట్టుకునే వీలుండేది.

1990 ఫిబ్రవరిలో ఐబీఎం ఆర్ఎస్/6000 మెషిన్లను, వాటితో ఎఐఎక్స్ మూడో వెర్షన్‌ను తెచ్చింది. అందులో లాజికల్ వాల్యూమ్ మేనేజర్ ఉంది. పరికరాల వివరాలు ఓడీఎం అనే బైనరీ డేటాబేస్‌లోకి వెళ్లాయి. ఇక ఈటీసీ డైరెక్టరీలోని టెక్స్ట్ ఫైళ్లు నాలుగు కాపీ చేసుకుంటే సరిపోదు; డిస్కు ఎలా పంచి ఉందో ఆ లెక్క కూడా కావాలి. సిస్టమ్ మొత్తాన్నీ బ్యాకప్ తీసే ఎంకేసిస్‌బీ కమాండ్ తీర్చింది ఈ అవసరాన్నే.

దాని టేపు మీద వరుసగా నాలుగు భాగాలుంటాయి. మొదటిది బూట్ ఇమేజ్, రెండోది ఇన్‌స్టాల్ ప్రోగ్రాములు, మూడోది ఉత్తుత్తి విషయసూచిక, నాలుగోది అసలు రూట్‌వీజీ, అంటే ఓఎస్ ఉండే వాల్యూమ్ గ్రూపు. ఎలా చదవాలో ఆ దారిని టేపే తనతో మోసుకొస్తుంది. నాకు ఇప్పటికీ ముచ్చటేసే సంగతి ఇది. ఒక్క హోస్ట్స్ ఫైలు కావాలన్నా రివైండ్ కాని ఆర్ఎంటీ0.1 పేరుతో టేపు తెరిచి, నాలుగో భాగం నుంచి తీసేవాళ్లం.

షరతులూ ఉన్నాయి. రూట్‌వీజీలో మౌంటై ఉన్న ఫైల్ సిస్టమ్‌లే ఎక్కుతాయి. మిగతా వాల్యూమ్ గ్రూపులకు సేవ్‌వీజీ వేరే నడపాలి. ఫైల్ సిస్టమ్ సైజు పెంచాక డ్యాష్ ఐ ఆప్షన్ ఇవ్వకుండా ఎంకేసిస్‌బీ తీస్తే, డిస్కు పంపకం రాసి ఉండే ఇమేజ్.డేటా ఫైలులో పాత లెక్కే ఉండిపోతుంది. ప్యాచ్ వేసే ముందు మా సీనియర్ ఒకాయన ఎవరినైనా అడిగే మొదటి ప్రశ్న, "ఇమేజ్ ఎప్పటిది బాబూ?"

ఇదే పనికి హెచ్‌పీ-యూఎక్స్‌లో ఇగ్నైట్ వచ్చింది. లినక్స్‌కు రిలాక్స్-అండ్-రికవర్ 2006లో మొదలైంది. అసలు ఇమేజే అక్కర్లేదు, కాన్ఫిగరేషన్‌ను రాసిపెట్టుకుని సర్వర్‌ను దాన్నుంచే కట్టుకుందామనే దారి ఇంకొకటి. 1993లో ఓస్లోలో మార్క్ బర్జెస్ మొదలుపెట్టిన సీఎఫ్‌ఇంజిన్ ఆ దారిదే. కొత్త సర్వర్లకు అది మేలైన పద్ధతి. పదిమంది చేతులు పడి, ఎవరేం మార్చారో తెలియని పాత బ్యాంకు సర్వర్‌కు మాత్రం నేను ఇమేజ్‌నే నమ్ముతాను.

తర్వాత మా దగ్గర టేపులు తగ్గి, ఇమేజ్‌లు నిమ్ అనే నెట్‌వర్క్ ఇన్‌స్టాల్ సర్వర్‌లో ఫైళ్లుగా చేరాయి. అలా ఫైలుగా తీసిన ఎంకేసిస్‌బీలో నాలుగో భాగం ఒక్కటే ఉంటుంది. అది తనంతట తాను బూట్ కాదు, నెట్‌వర్క్ మీదుగా నిమ్ సర్వరే బూట్ చేయించాలి. మరి నిమ్ సర్వరే పోతే? అందుకే మిగతా టేప్ డ్రైవులన్నీ తీసేసినా, దాని పక్కన ఒక్కటి ఉంచాలని పట్టుబట్టాం.