చెట్టు మీది చీమ: శత్రువా, కాపలాదారా?



ఏడు చేపల కథ చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చని తల్లి మనలో వుండదు. ఆ కథలో తప్పెవరిదని ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే, చివరకు చీమ దగ్గర తేలుతుంది. చీమ మాత్రం, తన పుట్ట జోలికి వచ్చారు గనకనే కుట్టానంటుంది. మన చెట్ల మీది చీమలు చెప్పే మాటా అదే. ఆ మాట మనం ఎన్నడైనా విన్నామా?

విజయనగరం వైపు మామిడి తోపుల్లో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని జీడితోటల్లో పచ్చి ఆకులు కలిపి కుట్టిన బంతుల్లాంటి గూళ్ళు మీరు చూసే వుంటారు. అవి ఎర్రచీమల ఇళ్ళు. కొన్ని చీమలు వరుసగా నిలబడి రెండాకుల అంచులు దగ్గరకు లాగి పట్టుకుంటాయి. మరికొన్ని తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకుని, పొందూరు నేతగాళ్ళు నాడె ఆడించినట్టు, ఆ అంచుల మధ్య అటూ ఇటూ తిప్పుతాయి. ఆ పురుగు నోటి నుంచి వచ్చే పట్టుదారమే కుట్టు! 1775లో ఫాబ్రిసియస్ అనే డెన్మార్క్ పండితుడు ఈ చీమకు శాస్త్రీయ నామం పెట్టాడు.

నేను కాపరానికి వచ్చిన కొత్తలో మా పెరటి మామిడి మీద ఈ చీమలు విపరీతంగా వుండేవి. పిల్లల్ని కుడుతున్నాయని బజారు నుంచి బి.హెచ్.సి. పొడి తెప్పించి చెట్టు చుట్టూ చల్లించాను. మా అత్తగారు చూసి, "ఓలమ్మ! కుట్టిందని కాపలా ఉన్నోణ్ణే సంపేత్తావేటే?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. మర్నాడు మా చిన్నవాడు ఆ పొడిలో పడ్డ కాయను తీసి కొరకబోతుంటే నా గుండె ఝల్లుమంది. పరుగెత్తి లాక్కున్నాను. ఆ బి.హెచ్.సి.ని మన దేశంలో 1997లో నిషేధించారు.

మా అత్తగారి మాటకు పదిహేడు వందల ఏళ్ళ సాక్ష్యం వుంది. క్రీ.శ. 304 నాటిదని చెప్పే ఒక చైనా గ్రంథంలో, దక్షిణాదిన ఈ చీమల గూళ్ళను కొమ్మలతో సహా సంచుల్లో పెట్టి బజారులో అమ్మేవారని వుంది. నారింజ తోటలవారు కొనుక్కుపోయి చెట్లకు కట్టేవారు. చీమలు లేని చెట్టు కాయలు పురుగుల పాలే అని వారి అనుభవం. తరువాతి కాలంలో ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు చీమలు నడిచేందుకు వెదురు బద్దలతో వంతెనలు కూడా కట్టారు. ఆ చీమా మన మామిడి మీది చీమా ఒకే జాతి.

ఇక మన జీడి సంగతి. బ్రెజిల్ నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దీన్ని మన దేశానికి తెచ్చారు. దీనికి పెద్ద పీడ టీ దోమ. లేత చిగుళ్ళనూ పూతనూ పీల్చి మాడ్చేస్తుంది. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతపు జీడితోటల్లో రెంకాంగ్ పెంగ్, కీత్ క్రిస్టియన్ అనే శాస్త్రజ్ఞులు 1990ల నుంచి పరిశీలించి, ఈ చీమలు దండిగా వున్న చెట్లకు టీ దోమ బెడద తక్కువని చూపించారు. అదే దోమ కోసం కేరళలోని కాసరగోడు జీడితోటల మీద 1970ల చివరి నుంచి 2000 వరకు హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. ఆ ఊళ్ళలో బిడ్డలు అవయవలోపాలతో, బుద్ధిమాంద్యంతో పుట్టారని తల్లులు ఏళ్ళ తరబడి పోరాడారు. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును ఆపించింది. 2017లో బాధితులకు అయిదేసి లక్షల పరిహారం ఇమ్మంది. పరిహారంతో పోయిన ఆరోగ్యం వస్తుందా?

అయితే చీమలన్నీ సాధువులని నేననడం లేదు. పిండినల్లి, పేనుబంక విసర్జించే తియ్యని జిగురు కోసం చీమలు వాటిని మనం ఆవుల్ని సాకినట్టు సాకుతాయి. ఎర్రచీమకూ ఆ గుణం వుంది. కాబట్టి ముందు చెట్టును పరిశీలించండి. పిండినల్లి పట్టిన చిగుళ్ళుంటే తుంచి కాల్చేయండి, లేదా నీళ్ళు గట్టిగా కొట్టి కడిగేయండి. జిగురు లేకపోతే చీమల రాకా తగ్గుతుంది. చీమలు ఎక్కకూడదనుకున్న చెట్టుకు మొదలు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ బిగించి, దాని మీద గ్రీజు పూయండి. బెరడు మీద మాత్రం పూయకండి. గోడకు తగిలే కొమ్మలు నరకకపోతే ఆ పట్టీ వృథా. మామిడి కోసేటప్పుడు చేతులకు బూడిద రాసుకుంటే కుట్టడం కొంత తగ్గుతుంది. జీడికి ఆ ఇబ్బందీ తక్కువే, పండి రాలిన కాయల్నే గదా మనం ఏరుకునేది!

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరినీ, జీడినీ కూల్చిపోయింది. మళ్ళీ నాటుకున్న మొక్కల కింద రేపు కాయలేరేది మనమే, మన ఆడపిల్లలే. ఆ నేల మీద విషం వుండాలో, నాలుగు చీమలుండాలో తేల్చుకోవలసిందీ మనమే. చీమ కుడితే కాసేపు మంట. మరి విషమో?